మంటిలోని ప్రాణము: సెర్గీ వినోగ్రాడ్‌స్కీ జీవిత చరిత్రము

పొలముగట్టున నిలిచి గుప్పెడు మన్ను చేతిలోనికి తీసికొనినచో మనకు కనబడునది స్వల్పము. కొంత ఇసుక, కొంత బంకమన్ను, కుళ్ళిన ఆకుల నుసి, ఒక ఎండిన వేరు, ఒకవేళ ఒక వానపాము. ఇంతియే. దీనిని మనము ప్రాణములేని వస్తువుగా నెంచి కాలితో త్రొక్కి పోవుదుము. కాని సారవంతమైన మన్ను ఒక్క గ్రాములో వందకోట్ల వరకు సూక్ష్మజీవులుండును. మన గుప్పిటిలోని మంటియందు వసించు జీవుల సంఖ్య ఈ భూలోకమునందలి మనుష్యసంఖ్యను ఎన్నియో మడుగులు మించియుండును.

ఏటేట రాలిన ఆకులు, చచ్చిన పురుగులు, దొడ్డిలోని పెంట, పంట కోయగా మిగిలిన మోళ్ళు, ఇవియన్నియు ఎక్కడికి పోవుచున్నవి? పోయినవి మరల పచ్చని పైరై ఎట్లు తిరిగివచ్చుచున్నవి? రైతు అడిగినను, పండితుడు అడిగినను ప్రశ్న ఒక్కటియే. ఈ ప్రశ్నకు పుస్తకములలో గాక మంటిలోనే సమాధానమును వెదకి, అందలి కంటికి కానరాని పనివాండ్రను లోకమునకు చూపిన శాస్త్రజ్ఞుడు సెర్గీ నికొలాయెవిచ్ వినోగ్రాడ్‌స్కీ. ఆయన జీవితము తిన్నని బాటపై సాగినది కాదు. పట్టిన విద్యను విడిచెను. వచ్చిన కీర్తిని విడిచెను. తుదకు ఇల్లును, దేశమును గూడ విడువవలసి వచ్చెను. అరువది యేండ్లు దాటిన పిమ్మట ఉత్తచేతులతో నిలిచి మరల మొదటినుండి పని ప్రారంభించెను. అందుచేతనే విద్యార్థులు ఆయన చరిత్రమును తెలిసికొనదగును.

బాల్యము, విద్య

వినోగ్రాడ్‌స్కీ 1856వ సంవత్సరము సెప్టెంబరు మాసమున కీవ్ నగరమున జన్మించెను. నేడు ఉక్రెయిన్ దేశమునకు రాజధానియైన ఆ పట్టణము ఆ కాలమున రష్యా చక్రవర్తి ఏలుబడిలో నుండెను. కుటుంబము కలిమి గలది. బాలుడు కీవ్ నగరమందలి ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, 1873లో అచ్చటి విశ్వవిద్యాలయమున ధర్మశాస్త్రము, అనగా న్యాయవాదుల చదువు, చదువుటకై చేరెను. అది ఆయన మనస్సునకు పట్టలేదు. కొలది కాలముననే ప్రకృతిశాస్త్ర శాఖకు మారెను. అచ్చటను తృప్తి కలుగలేదు. ఇక సంగీతమే తన మార్గమని తలంచి సెయింట్ పీటర్సుబర్గు నగరమునకు పోయి, అందలి సంగీత కళాశాలలో లెషెటిట్‌స్కీ యను ప్రసిద్ధ గురువు నొద్ద పియానో వాద్యము నభ్యసింప సాగెను.

ఇరువది యేండ్ల ప్రాయముననే మూడు విద్యలు పట్టి మూడింటిని విడిచిన యువకుని చూచి పెద్దలు ఏమనుకొనియుందురో మనము ఊహింపవచ్చును. ఇట్టి బాలుడు ఎందుకును పనికిరాడని తలపోయుట సులభము. అయితే ఆయన వెదకుచుండినది సోమరితనమునకు చోటు కాదు. తన మనస్సంతయు నిలుపదగిన పని. 1877లో ఆయన పీటర్సుబర్గు విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్ర విద్యార్థిగా మరల చేరెను. ఈ పర్యాయము విడువలేదు. మెన్షూట్కిన్ అను ఆచార్యుని నొద్ద రసాయనశాస్త్రమును, ఫమింట్సిన్ అను ఆచార్యుని నొద్ద వృక్షశాస్త్రమును నేర్చెను. 1879లో ఆయనకు జినాయిదా యను కన్యతో వివాహమయ్యెను. వారికి నలుగురు కుమార్తెలు కలిగిరి. 1881లో పట్టము పొందెను.

ఫమింట్సిన్ గారి ప్రయోగశాలలో ఆయన మొదట చేసిన పని చిన్నది. ద్రాక్షసారాయముపై తెట్టువలె పెరుగు నొక బూజును తీసికొని, దానికిచ్చు ఆహారమునందలి ప్రతి పదార్థమును తూచి యిచ్చి, ఏది తగ్గించిన ఏమగును, ఏది హెచ్చించిన ఏమగును అని పరిశీలించెను. ఒక జీవిని తెలిసికొనవలెనన్న దానికేమి కావలయునో దాని నోటనే పలికింపవలెనన్న పాఠము ఆయనకు ఇచ్చట అబ్బెను. తరువాతి డెబ్బది యేండ్ల పని యంతయు ఈ పాఠముపైననే నిలిచినది.

గంధకముతో బ్రతుకు జీవులు

1885లో ఆయన ఆ కాలమున జర్మనీ ఏలుబడిలోనుండిన స్ట్రాస్‌బర్గు నగరమునకు పోయి, బూజులను గూర్చి ప్రసిద్ధ పరిశోధనలు చేసిన ఆంటన్ డి బరీ గారి శిష్యుడయ్యెను. గంధకపు ఊటలలో తెల్లని నూలుపోగులవలె పెరుగు బెగ్గియటోవా యను సూక్ష్మజీవి ఆయన దృష్టి నాకర్షించెను. ఈ పోగులలోపల గంధకపు చిన్న బిందువులు మెరయుచుండును. కుళ్ళిన గ్రుడ్డు వాసన గల వాయువును ఈ జీవులే పుట్టించుచున్నవని అంతకుముందు కొందరు పండితులు తలంచుచుండిరి.

వినోగ్రాడ్‌స్కీ ఒక గాజుపలకపై ఒక పోగునుంచి, సూక్ష్మదర్శని క్రింద రోజులతరబడి కాపుండెను. ఆ వాయువు కలిసిన నీరు ఇచ్చినపుడు పోగులో గంధకము నిండుచుండెను. వట్టి నీరు ఇచ్చినపుడు ఆ గంధకము కరగిపోవుచుండెను. చాలకాలము ఆ వాయువు అందనిచో పోగు చచ్చుచుండెను. అనగా ఈ జీవి ఆ వాయువును పుట్టించుట లేదు. దానిని ఆహారముగా గొని, మొదట గంధకముగను, పిదప గంధకికామ్లముగను మార్చి, ఆ మార్పున పుట్టిన శక్తితో బ్రతుకుచున్నది. మనము అన్నము తిని శక్తి పొందునట్లు, పొయ్యిలో కట్టె మండి వేడినిచ్చునట్లు, ఈ జీవి గంధకమును మండించుకొనుచున్నదని చెప్పవచ్చును. 1887లో ఆయన దీనిని ప్రకటించెను. మరుసటి యేట ఇనుము కలిసిన నీటిలో త్రుప్పురంగు గల పొరలు కట్టు జీవులును ఇట్టివేయని తలంపును వెల్లడించెను. ఇట్లు నిర్జీవ పదార్థములనుండియే శక్తిని గ్రహించి బ్రతుకు జీవులు కలవన్న భావము మొదటిసారి శాస్త్రలోకమున ప్రవేశించెను.

1888 ఆరంభమున గురువగు డి బరీ మరణించెను. వినోగ్రాడ్‌స్కీ స్విట్జర్లండు దేశమందలి జ్యూరిచ్ నగరమునకు చేరెను. ఆయన జీవితములోని ముఖ్యమైన ఘట్టము అచ్చట జరిగెను.

సురేకారపు రహస్యము

ఇచ్చట భూసారమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. సేద్యమునకు మిక్కిలి యనువైన మంటిలో సుమారు సగము మాత్రమే గట్టి పదార్థము. తక్కిన సగము రేణువుల నడిమి సందులు. ఆ సందులలో కొంత నీరు, కొంత గాలి యుండును. గట్టి పదార్థములో రాతిపొడి హెచ్చు. కుళ్ళిన జీవపదార్థము కొంచెము. కాని పైరునకు బలము ఆ కొంచెమునందే యున్నది. పైరు పెరుగుటకు నత్రజని కావలయును. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. అయినను వరి గాని, జొన్న గాని ఆ నత్రజనిని నేరుగా గ్రహింపజాలదు. సముద్రమున నిలిచిన మనుష్యుడు దాహముతో అలమటించినట్లు పైరు నత్రజని నడుమ నిలిచియు నత్రజనికై పరితపించుచుండును. అది నైట్రేటు, లేక అమ్మోనియా రూపమున మంటిలోని నీటియందు కరగియున్నప్పుడే వేళ్ళకు అందును.

ఈ నైట్రేటు మన పెద్దలెరుగని వస్తువు కాదు. పాతగోడల అడుగునను, పశువుల కొట్టములందును తెల్లగా పూయు సురేకారము నైట్రేటే. పూర్వము జనము నివసించి విడిచిన పాటిదిబ్బల మంటిని తెలుగు రైతులు బండ్లకెత్తి పొలములకు తోలుచుండుట అందరెరిగినదే. పాటిమన్ను వేసిన చేను ఏపుగా పెరుగుటకు అందలి నైట్రేటు ఒక కారణము. అయితే పేడలోను, మూత్రములోను ఉన్న నత్రజని సురేకారముగా ఎట్లు మారుచున్నది? అది కేవలము గాలి తగులుటవలన జరుగు రసాయనమార్పని చిరకాలము నమ్ముచుండిరి.

1877లో ష్లోయెసింగ్, మ్యూంట్జ్ అను ఫ్రెంచి పండితులిద్దరు ఒక గాజుగొట్టములో ఇసుకయు సుద్దయు నింపి, దానిగుండ మురుగునీటిని మెల్లగా జారవిడిచిరి. ఇరువది దినముల వరకు మార్పేమియు లేకుండెను. పిమ్మట నీటిలోని అమ్మోనియా మాయమై నైట్రేటు దిగసాగెను. కేవల రసాయనమార్పే యైనచో ఇరువది దినములు కాచుకొననేల? వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపిరి. వెంటనే పని ఆగెను. కొంచెము క్రొత్తమంటి కడుగును చేర్చిరి. కొన్నాళ్ళకు మరల పని ప్రారంభమయ్యెను. మత్తుమందునకు లొంగునది జీవియే కావలయును. పని జీవులదని తేలినది. కాని ఆ జీవి ఏదో చూచినవారు లేరు. ఇంగ్లండులో వారింగ్టన్ అను పండితుడు ఏండ్లతరబడి దానికై వెదకెను. అది పట్టుబడలేదు.

పట్టుబడకపోవుటకు కారణమును వినోగ్రాడ్‌స్కీ కనిపెట్టెను. ఆ కాలపు శాస్త్రజ్ఞులు మాంసరసమును జెలటిన్‌తో గడ్డకట్టించి దానిపై సూక్ష్మజీవులను పెంచుచుండిరి. రోగములు పుట్టించు క్రిములు దానిపై చక్కగా పెరుగును. మంటిజీవులును అట్లే పెరుగునని వారు తలంచిరి. వినోగ్రాడ్‌స్కీ దీనిని తలక్రిందుచేసెను. మంటిలోని ఈ జీవి గంధకపు జీవులవలె నిర్జీవ పదార్థముతోనే బ్రతుకునదియైనచో, దానికి మాంసరసమెందులకు? ఆ విందునకు తక్కిన జీవులన్నియు మూగి దీనిని త్రొక్కివేయును. కావున ఆయన జ్యూరిచ్ సరస్సు నీటిని తెచ్చి, లీటరునకు ఒక్కొక్క గ్రాము చొప్పున అమ్మోనియం సల్ఫేటును, పొటాసియం ఫాస్ఫేటును కలిపి, అడుగున మెగ్నీషియం కార్బొనేటు పొడిని వేసి, చిటికెడు మన్ను చల్లెను. జీవపదార్థమేదియు చేర్చలేదు. ఈ నీరు తక్కిన జీవులకు ఉపవాసదీక్ష. వెదకుచున్న జీవికి మాత్రము నిండుభోజనము.

నీరు తేటగానే యుండెను, కాని అందలి అమ్మోనియా తరుగుచుండెను. ఒక పాత్రనుండి మరియొక పాత్రకు, దానినుండి వేరొకదానికి చుక్క చుక్కగా మార్చుచు పోగా, తక్కిన జీవులు క్రమముగా నశించెను. అడుగుననున్న తెల్లపొడిని సూక్ష్మదర్శనితో చూడగా, ప్రతి రేణువును అంటిపెట్టుకొని గ్రుడ్డు ఆకారము గల చిన్న కణములు గుంపులుగా కనబడెను. అయినను వానిలో ఇతర జీవులు మిగిలియుండవచ్చునని ఆయన సందేహించెను. ఆ పొడిని జెలటిన్‌పై చుక్కలుగా పెట్టెను. ఇతరులు పెరిగిన చోట్లను ఎన్నుకొనుచుండగా, ఆయన ఏ చోట ఏదియు పెరుగలేదో ఆ చోటును ఎన్నుకొనెను. అచ్చటి పదార్థమును మరల తన నీటిలో వేసెను. అమ్మోనియా మారిపోయెను. లోకమునకు శూన్యముగా కనబడిన చోటనే ఆయన వెదకిన జీవి యుండెను. పిదప ఇసుకరాతి సారమగు సిలికాతో జిగురు చేసి, దానిపై ఆ జీవిని విడిగా పెంచగలిగెను.

తొలుత ఒక్క జీవియే పని యంతయు చేయుచున్నదని ఆయనకు తోచినను, పరిశీలింపగా పని రెండు చేతులు మారుచున్నదని తేలెను. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. రెండవ తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. తన మొదటి తలంపును దిద్దుకొనుటకు ఆయన వెనుదీయలేదు. రెండు పనులను ఒంటరిగానే చేయగల జీవి యొకటి వేరుగా కలదని 2015లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మంటిలో ఇంకను చూడవలసినది చాల గలదనుటకు ఇది తార్కాణము.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయము మరియొకటి బయల్పడెను. ఆ పాత్రలో జీవపదార్థము లేనప్పుడు ఈ కణముల శరీరము దేనితో నిర్మింపబడినది? కార్బొనేటునందును, గాలియందును ఉండు బొగ్గుపులుసు గాలినుండి అవి తమ శరీరమును కట్టుకొనుచున్నవని ఆయన కొలిచి చూపెను. సుమారు 35 పాళ్ళ నత్రజనిని మార్చినగాని 1 పాలు బొగ్గు వానికి దక్కదు. ఎంత కష్టార్జితము! అంతవరకు బొగ్గుపులుసు గాలిని ఆహారముగా మార్చుశక్తి సూర్యకాంతిలోని పచ్చని ఆకుకు మాత్రమే కలదని విద్వాంసులు బోధించుచుండిరి. సూర్యుడు చొరని చీకటిలో, పచ్చదనము లేని జీవులు గూడ ఆ పని చేయుచున్నవని 1890లో వినోగ్రాడ్‌స్కీ నిరూపించెను.

గాలినుండి ఆహారము

ఆయన కీర్తి యూరపు అంతట వ్యాపించెను. పారిస్ నగరమందలి పాస్టర్ సంస్థకు రమ్మని మెచ్నికోవ్ పిలిచెను. అయితే స్వదేశమునకు పనిచేయవలెనని ఎంచి, 1891లో ఆయన పీటర్సుబర్గు నగరమున క్రొత్తగా స్థాపింపబడిన ప్రయోగవైద్య సంస్థలో సూక్ష్మజీవశాఖకు అధిపతిగా పోయెను.

ఆ దినములలో నత్రజనిని గూర్చి మరియొక వింత తేలియుండెను. పప్పుజాతి మొక్కల వేళ్ళకు బుడిపెలుండుననియు, ఆ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చుననియు జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్ట్ అనువారు చూపిరి. హాలండు దేశస్థుడు బైయెరింక్ 1888లో ఆ జీవిని విడదీసి పెంచెను. వరికోతల పిమ్మట మినుమో పెసరయో చల్లుటయు, జనుమును జీలుగును పెంచి దున్నివేయుటయు మన రైతులకు అలవాటు. ఆ యలవాటు వెనుకనున్న కారణము ఇట్లు బయల్పడినది. మినుపమొక్కను మెల్లగా పెరికి వేళ్ళను కడిగిచూచినచో ఎవరైనను ఆ బుడిపెలను కన్నులార చూడవచ్చును.

మొక్క తోడు లేకుండ, మంటిలో ఒంటరిగానే ఈ పని చేయగల జీవి కలదా? వినోగ్రాడ్‌స్కీ తన పాతపద్ధతినే పట్టెను. చక్కెర కలిపిన నీటిలో తక్కిన లవణములన్నియు వేసి, నత్రజని పదార్థమును మాత్రము వేయక, చిటికెడు మన్ను చల్లెను. గాలిలోని నత్రజనిని పట్టగలిగినదే ఆ నీటిలో బ్రతుకవలయును. ఇట్లు 1893 మొదలు 1895 వరకు చేసిన ప్రయోగములలో ప్రాణవాయువు తగులరాని ఒక జీవి దొరకెను. పాస్టర్ మహాశయుని గౌరవార్థము దానికి క్లొస్ట్రిడియం పాస్టూరియానం అని పేరిడిరి. ప్రాణవాయువును సహింపని ఆ జీవి గాలి తగులు మంటిలో ఎట్లు బ్రతుకుచున్నది? దాని చుట్టునుండు వేరుజాతి జీవులు ప్రాణవాయువును తాము త్రాగివేసి, దీనికి చోటు కల్పించుచున్నవి. మంటిలో ఒకరి బ్రతుకు మరియొకరిపై నాధారపడియున్నదని ఇట్లు తేటపడెను.

మౌనము, నష్టము

1902లో ఆయన ఆ సంస్థకంతటికి అధ్యక్షుడయ్యెను. పదవి పెరిగినది, ప్రయోగశాలలో గడపు కాలము తరిగినది. ఆరోగ్యమును చెడెను. 1905లో ఆయన అధ్యక్షపదవిని విడిచి, ఉక్రెయిన్‌లోని గొరొడోక్ అనుచోట గల తన ఎస్టేటునకు పోయి సేద్యమును చూచుకొనుచు, కొంతకాలము స్విట్జర్లండులో గడపుచు నుండెను. ఏబదియేండ్లు నిండకముందే సూక్ష్మదర్శనిని మూలనుంచెను. పదునైదేండ్లకు పైగా ఆయన నుండి ఒక్క ముఖ్యమైన పరిశోధనయు వెలువడలేదు. ఈ కాలములో బైయెరింక్ మొదలగువారు ఆయన బాటపై నడచి చాలదూరము పోయిరి. ఇది ఆయన తప్పో, అదృష్టలోపమో మనము తీర్పు చెప్పనక్కరలేదు. కాని పోయిన పదునైదేండ్లు తిరిగి రాలేదన్నది నిజము.

1917లో రష్యాలో విప్లవము వచ్చెను. యుద్ధములు చెలరేగెను. భూములు గల కుటుంబములకు నిలువ నీడ లేకపోయెను. వినోగ్రాడ్‌స్కీ ఎస్టేటును, ఇంటిని, ఆస్తిని విడిచి ఒడెస్సా మార్గమున దేశమునుండి వెడలిపోయెను. తరతరముల ఆస్తి కొన్ని మాసములలో చేయిదాటిపోయెను. తుదకు సెర్బుల రాజధానియైన బెల్‌గ్రేడ్ నగరమున ఆచార్యపదవి దొరకెను. అరువదియైదేండ్ల వయస్సున ఆయన వద్ద మిగిలినది ఒక్కటియే: యౌవనమున తన చేతులతో నార్జించిన విద్య. దానిని ఏ సైన్యమును దోచుకొనజాలదు.

1922లో పాస్టర్ సంస్థ అధ్యక్షుడు ఎమిల్ రూ ఆయనను పిలిచెను. ముప్పది యేండ్లనాడు వలదనిన పిలుపే మరల వచ్చెను. ఈసారి ఆయన అంగీకరించెను. పారిస్‌కు సమీపమున బ్రీ కోంత్ రోబేర్ అను చిన్న ఊరిలో తోట నడుమనున్న ఇల్లే ఆయనకు నివాసమును, ప్రయోగశాలయు నయ్యెను. కుమార్తె హెలీన్ ఆయనకు తోడ్పడెను.

మంటిని మంటిగానే చూచుట

అరువదియారేండ్ల వృద్ధుడు పాతకీర్తిని చెప్పుకొని కూర్చుండలేదు. తాను లేని కాలములో మంటిజీవశాస్త్రము ఏ దారిని పోయినదో చూచి, అది దారి తప్పినదని నిర్భయముగా చెప్పెను. ప్రయోగశాలలో మాంసరసముపై ఏండ్లతరబడి పెరిగిన జీవి పంజరములోని పక్షి వంటిది. దానిని చూచి అడవిని గూర్చి తీర్మానించుట తగదు. జెలటిన్ పలకపై పెరిగిన వానిని మాత్రమే లెక్కించినచో మంటిలోనున్న వానిలో స్వల్పభాగమే లెక్కకు వచ్చును. ఆయన మంటిని నీటిలో కలిపి, గాజుపలకపై పూసి, రంగువేసి, సూక్ష్మదర్శనితో నేరుగా లెక్కించెను. పలకపై లక్షలు కనబడిన చోట కోట్లు కనబడెను.

ఈ పరిశీలనలనుండి ఆయన మంటిజీవులను రెండు తెగలుగా విభజించెను. ఒక తెగ మంటికి స్థిరకాపురస్థులు. ఇవి పాతకుళ్ళును మెల్లగా అరగించుకొనుచు, ఏడాది పొడవున నిలుకడగా పనిచేయును. రెండవ తెగ తీర్థపు జనము వంటిది. పచ్చిరొట్టయో, పెంటయో పొలములో పడగానే లక్షోపలక్షలుగా పెరిగి, ఆ విందు ముగియగానే అణగిపోవును. పచ్చిరొట్ట దున్నిన వెంటనే విత్తక కొంతకాలము ఆగు ఆచారమునకు కారణము ఇచ్చట దొరకును. ఆ తొందరలో జీవులు మంటిలోని నత్రజనిని తామే తినివేయవచ్చును. అవి చచ్చి కరగిన పిదప అది పైరునకు చేరును.

మాగాణిని గూర్చియు ఈ విజ్ఞానము మనకు వెలుగునిచ్చును. నీరు నిలిచిన వరిమడిలో అడుగుమంటికి ప్రాణవాయువు చాలదు. నైట్రేటును చేయు జీవులకు అది యుండి తీరవలయును. కావున అచ్చట వాని పని సాగదు. పైగా అట్టిచోట నైట్రేటును వేసినచో వేరుజాతి జీవులు దానిని విరిచి నత్రజనిగా గాలిలో కలిపివేయును. వరికి నైట్రేటు ఎరువునకంటె అమ్మోనియా ఎరువు మేలగుటకు ఇది ముఖ్యకారణము.

1924లో ఫ్రెంచి శాస్త్రపరిషత్తు ఆయనను విదేశసభ్యునిగా నెన్నుకొనెను. 1935లో హాలండు దేశపు పరిషత్తు పదేండ్లకొకమారు మాత్రమే యిచ్చు లేవెన్‌హుక్ పతకమును ఆయన కొసగెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940లో ఆయన ఉద్యోగమునుండి విరమించెను. విరమించియు ఊరకుండక, ఏబదియేండ్ల పరిశోధనలను తానే ఏర్చికూర్చి, మంటి సూక్ష్మజీవశాస్త్రమను ఫ్రెంచి గ్రంథముగా 1949లో ప్రకటించెను. అప్పటికి ఆయనకు తొంబదిరెండేండ్లు దాటెను. 1953 ఫిబ్రవరిలో బ్రీ కోంత్ రోబేర్‌లోనే కన్నుమూసెను.

ఆ విత్తనపు పంట

ఆయన మాటలు వ్యర్థముగా పోలేదు. మంటిజీవులను వాని సహజస్థానముననే చూడవలెనని ఆయన వ్రాసిన వ్యాసమొకటి 1924 ప్రాంతమున రోము నగరములో రెనె డ్యూబో అను ఫ్రెంచి యువకుని కంటబడెను. ఆ యువకుడు ఆ శాస్త్రమునే జీవితమార్గముగా జేసికొని అమెరికాకు పోయి, వాక్స్‌మన్ అను ఆచార్యునికి శిష్యుడయ్యెను. 1939లో డ్యూబో మంటిలోని ఒక జీవినుండి క్రిములను చంపు మందును తీసెను. 1943లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆయన శిష్యుడు షాట్జ్ మంటిజీవినుండియే స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొనెను. అంతవరకు క్షయరోగమునకు మందు లేకుండెను. వినోగ్రాడ్‌స్కీ జీవితచరిత్రమును పుస్తకముగా వ్రాసినవాడును ఈ వాక్స్‌మనే. భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ సంస్థలో పరిశోధనాధ్యక్షులుగా నుండగా, 1948లో అచ్చట డగ్గర్ అను పండితుడు వెలువరించిన ఆరియోమైసిన్ మందు గూడ అమెరికాలోని ఒక పొలపు మంటిజీవినుండి వచ్చినదే. పైరునకు ఆహారమిచ్చు మన్నే రోగికి ఔషధమును ఇచ్చినది.

విద్యార్థులు చేయదగిన ప్రయోగము

ఆయన పేరు గల ప్రయోగమొకటి బడిపిల్లలు సులభముగా చేయవచ్చును. పొడవైన గాజుజాడీ యొకటి తీసికొనుడు. చెరువు అడుగు బురదలో చింపిన కాగితపు ముక్కలు, కొంచెము సుద్దపొడి, కొంచెము జిప్సము కలిపి జాడీలో మూడవవంతు నింపుడు. దానిపై కలుపని బురదను, ఆపై చెరువునీటిని పోసి, మూత వదులుగా నుంచి, వెలుతురు వచ్చు కిటికీవద్ద, మండుటెండ తగులకుండ నుంచుడు. కొన్ని వారములకు రంగుల పొరలు ఏర్పడును. అడుగున నలుపు, దానిపైన ఆకుపచ్చని గంధకజీవులు, వానిపైన ఊదారంగు జీవులు, అన్నిటిపైన నీటిలో నాచు. ఒకరు విడిచినది మరియొకరికి ఆహారమగుచు ఆ జాడీ మాసములతరబడి బ్రతికియుండును. దుర్వాసన యుండును గనుక ఉపాధ్యాయుల యెదుటనే చేసి, పిమ్మట చేతులు కడుగుకొనవలయును.

వినోగ్రాడ్‌స్కీ జీవితము నుండి మనము గ్రహింపదగినవి కలవు. మొదట దారి తోచకపోవుట అపరాధము కాదు. తోచిన పిదప నిలుకడ లేకుండుటయే అపరాధము. ఆయనయే మధ్యలో పదునైదేండ్లు పనిని విడిచినను, అంతయు పోయిన దినమున దానికే తిరిగివచ్చి, మొదటిదానికి తీసిపోని పంటను పండించెను. ఎవరును చూడని చోట, ఏమియు పెరుగలేదని లోకము విడిచిన చోట, ఓపికతో చూచినవానికి జీవము కనబడును. ఇకమీద పొలమునకు పోయినపుడు గుప్పెడు మన్ను చేతిలోనికి తీసికొని, ఒక్క నిమిషము నిలిచి చూడుడు. మన అన్నమునకు మూలమైన కోటానుకోట్ల పనివాండ్రు ఆ గుప్పిటిలో నున్నారు.